స్టీరింగు నూనె మార్చు విధంబెట్టిదనిన

కారులో నూనెలెన్ని అని అడిగితే మనలో చాలామంది ఒకటే అంటారు, ఇంజను ఆయిలు అని. కాస్త అనుభవమున్నవారు గేరుపెట్టెలోనిది కూడా కలుపుతారు. బ్రేకులో ఉండేది నిజానికి నూనె కాదు గాని వాడుకలో దాన్నీ బ్రేకు ఆయిలే అంటాం. వీటన్నిటికీ గడువులున్నాయి, షెడ్డువారు గుర్తుచేస్తారు, మనం డబ్బు కట్టి వస్తాం. స్టీరింగు నూనె ఒక్కటే అడిగే దిక్కులేనిది. బానెట్టు క్రింద ఒక మూల చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, కారు పుట్టిననాడు పోసింది పోసినట్టే ఉంటుంది. తరిగితే పైన కొంచెం పోస్తారు. మార్చడమనే మాట ఎవరి నోటా రాదు. చాలా కార్ల సర్వీసు పట్టికలలో దాని యెదుట 'చూడవలెను' అని ఉంటుందే గాని 'మార్చవలెను' అని ఉండదు. కొడవలూరులో మా ఇంటి ముందరి గచ్చు మీద ఆ మార్చే పని ఎట్లా సాగిందో, అసలు ఎందుకు తలపెట్టవలసి వచ్చిందో ఈ టపాలో వ్రాస్తాను. తెలుగు పండితునికి గ్రీజుతో ఏమి పని అని ఆశ్చర్యపోయే మిత్రులు చివరిదాకా చదివి ఆశ్చర్యపోవలసిందిగా మనవి.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. అలవాటు, పోదు కదా. స్టీరింగును తెలుగులో ఏమనాలి? చుక్కాని అంటారు కొందరు. చుక్కాని పడవకు వెనుక ఉండేది. పైగా అది కూడా మనది కాదు, అరబ్బీ మూలపు మాట. పోనీ రథాలవైపు వెళదామా అంటే, మా నెల్లూరి తిక్కన సోమయాజి విరాటపర్వం మొదలుకొని పదునైదు పర్వాలు తెనిగించాడు. అందులో రథాలకూ కొదవలేదు, సారథులకూ కొదవలేదు. ఉత్తరునికి బృహన్నల ఉన్నాడు, కర్ణునికి శల్యుడు ఉన్నాడు. ఒక్కరి చేతిలోనూ చక్రం లేదు, పగ్గాలే. పగ్గం గుర్రాన్ని తిప్పుతుంది, గుర్రం బండిని తిప్పుతుంది. మన కారుకు ఆ మధ్యవర్తి లేదు. కనుక స్టీరింగును స్టీరింగనే అందాం. నూనెకు మాత్రం నూనె అనడమే నాకు ఇష్టం. నువ్వుల నెయ్యి నూనె అయింది, తిలల నుంచి పుట్టినది తైలమయింది. రెండు మాటలూ నువ్వుగింజను వదలి ఎక్కడెక్కడికో ప్రయాణం చేశాయి, ఈ ప్లాస్టిక్ డబ్బాలోకి కూడా వస్తే తప్పేమీ లేదు. కందెన అనవచ్చునా అని ఒక క్షణం ఆలోచించాను. మా నాయన ఎద్దులబండి ఇరుసుకు కందెన పెట్టడం నేను చూచినవాడినే. కాని కందెన చేసే పని ఒకటే, రాపిడి తగ్గించడం. ఈ నూనె అంతకంటె పెద్ద పని చేస్తుంది. బలాన్ని మోస్తుంది.

అది ఎట్లాగో తెలిసికొన్న తరువాత నాకు ఆ యంత్రం మీద గౌరవం కలిగింది. స్టీరింగు చక్రం నుంచి దిగే కడ్డీ చివర ఒక చిన్న పళ్లచక్రం, పినియను అంటారు. అది అడ్డంగా పడుకొన్న పళ్లకమ్మీ మీద దొర్లుతుంది, దాన్ని రాకు అంటారు. రాకు అటూ ఇటూ జరిగితే ముందు చక్రాలు తిరుగుతాయి. ఇంతవరకు పాత కార్లలోనూ ఉన్నదే. పవరు స్టీరింగులో అదనంగా, కడ్డీకి పినియనుకు మధ్య ఒక సన్నని ఉక్కుపుల్లను పెట్టారు. మనం చక్రం తిప్పినప్పుడు టైర్లు మొరాయిస్తే ఆ పుల్ల రవ్వంత మెలితిరుగుతుంది. ఆ మెలికతో ఒక వాల్వు తెరచుకొని, ఇంజను బెల్టుతో తిరిగే పంపు నుంచి వచ్చే నూనెను రాకులోని పిస్టనుకు ఒక ప్రక్కకో, రెండవ ప్రక్కకో పంపుతుంది. మన చెయ్యి ఎంత గట్టిగా అడిగితే పుల్ల అంత మెలిపడుతుంది, అంత నూనె కదులుతుంది. అడగకుండా ఏమీ చేయదు, అడిగినదానికి మించి చేయదు. చక్రాన్ని కొసదాకా తిప్పి పట్టుకొన్నప్పుడు ఆ గొట్టాలలో ఒత్తిడి చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లు దాటవచ్చు. టైరులో మనం కొట్టించే గాలి ముప్పై పౌండ్ల చుట్టుప్రక్కల ఉంటుందని గుర్తుచేసికొంటే ఆ అంకె పెద్దతనం తెలుస్తుంది. అంత ఒత్తిడినీ మోసేది చిన్న కారులో దాదాపు ఒక లీటరు నూనె!

దీన్ని అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1920 దశకంలోనే తయారుచేశాడు. ఖర్చు ఎక్కువని కార్ల కంపెనీలు ప్రక్కన పెట్టాయి. రెండవ ప్రపంచయుద్ధంలో సైనిక వాహనాలకు పనికివచ్చింది. మామూలు మనుషులు కొనుక్కొనే కారులోకి వచ్చింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. మన దేశంలో మధ్యతరగతి ఇళ్లకు చేరింది మరీ ఆలస్యంగా, గత శతాబ్ది చివరి ఏళ్లలో. అంతకుముందు అంబాసిడరు నడిపినవారి భుజాలు వేరు, బస్సు డ్రైవర్ల భుజాలు వేరు. మలుపులో సీటు నుంచి సగం లేచి చక్రాన్ని ఒళ్లోకి లాక్కొనే డ్రైవరును చూస్తూ పెరిగిన తరం మాది.

ఇక నా సంగతి. మా ఇంట్లో పదహారేళ్ల డీజిలు కారు ఉంది, చిన్నది, రెండవ చేతిలో కొన్నది. మా ఆవిడకు రెండేళ్లుగా మూత్రపిండాలు పని చేయడం లేదు. మంగళవారం, శుక్రవారం నెల్లూరులో డయాలిసిస్. ఉదయం మొదటి వంతు కనుక అయిదు గంటలకు ఇల్లు వదలాలి. రాజుపాళెం దగ్గర హైవే ఎక్కి, పెన్న దాటి, ఆసుపత్రి సందులోకి తిరగాలి. ఆ వేళకు బాడుగ కారు రోజూ దొరకదు, దొరికినా వారానికి రెండుసార్లు, ఏడాదంతా అంటే పింఛను మీద బ్రతికేవాడి లెక్కకు అందదు. నాలుగు గంటలపాటు యంత్రం మీద ఉండి వచ్చిన మనిషికి రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి, ఆటోలో ఆ కుదుపులు భరించలేదు. కాబట్టి నేను నడపగలిగినన్నాళ్లు నేనే నడపాలి. అటు నా కుడి భుజం ఏడాదిగా పట్టేసింది. చెయ్యి తలపైకి లేవదు. ఇటు కారు స్టీరింగు నెలనెలకూ బిగుస్తూ వచ్చింది. ఆసుపత్రి ముందు సందులో కారు వెనక్కి తిప్పడమంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగేవి. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి "నాన్నా, కారు అమ్మేయండి, ఏదో ఒకటి ఏర్పాటు చేస్తాను" అంటాడు. వాడి ప్రేమకు తక్కువ లేదు. కాని 'ఏదో ఒకటి' అనేది ఉదయం అయిదింటికి మా వాకిట్లోకి రాదు గదా!

బిగువు ఒక్కటే కాదు, ధ్వని కూడా వచ్చేది. చక్రం కొసదాకా తిప్పినప్పుడు కొంత మూలుగు ఏ కారుకైనా సహజమే. అక్కడ ఒత్తిడి ఎక్కువై, అదనపు నూనెను వాల్వు వెనక్కి వదలే ధ్వని అది. అందుకే కొసలో అయిదు సెకన్లకు మించి పట్టుకోరాదంటారు. మా కారు మాత్రం నడిమధ్యలో, చలికాలం వేకువన మరీ, సన్నగా ఏడ్చేది. నెల్లూరులో ఒకచోట చూపిస్తే రాకు మార్చాలన్నారు, ముప్పై వేలకు పైమాట చెప్పారు. డబ్బా మూత తీసి నూనె చూచినవారు లేరు.

మూత తీసినవాడు మా బళ్లో చదివిన పూర్వవిద్యార్థి. ఇప్పుడు వాడికి నలభై దాటాయి. పదవ తరగతి పిమ్మట నెల్లూరు ఆటోనగరులో పని నేర్చుకొని, హైవే ప్రక్కన చిన్న షెడ్డు పెట్టుకొన్నాడు. ఒక ఆదివారం ఇంటికి వచ్చి బానెట్టు ఎత్తాడు. డబ్బాలో వేలు ముంచి తెల్లకాగితం మీద రాశాడు. క్రొత్తగా ఉన్నప్పుడు ఎఱ్ఱగా, దానిమ్మరసంలా ఉండవలసిన నూనె కాఫీ డికాషనులా ఉంది. వాసన కూడా మాడిన వాసన.

"అయివోరా, పంపు ఏడస్తా ఉండాది. రాకు సంగతి తర్వాత చూద్దాం. ముందర ఈ నూనె మార్చి చూస్తే పొయ్యేదేముంది?" అన్నాడు.

నూనె ఎందుకు చెడుతుంది అని అడిగాను. వాడు చెప్పినదీ, తరువాత నేను చదివినదీ కలిపి చెబుతాను. వేడికి మాడుతుంది. పంపు అరిగిన లోహపు రజను, గొట్టాల లోపలి రబ్బరు పొడి అందులోనే కలుస్తాయి. నురుగు పట్టకుండా కలిపిన మందు శక్తి చాలిస్తుంది. నురుగు పడితే పంపుకు అందేది నూనె కాదు, గాలి. నూనెను నొక్కితే బలం అవతలికి చేరుతుంది, గాలిని నొక్కితే గాలి నలుగుతుంది, అంతే. నూనె పాలలా తెల్లబారితే నీరో గాలో కలిసిందని అర్థం.

క్రొత్త నూనె కొనే చోటనే పెద్ద ప్రమాదం ఉంది. అన్ని కార్లకూ ఒకే నూనె కాదు. కొన్నింటికి ఆటోమేటిక్ గేర్లకు వాడే ఎఱ్ఱనూనె, ఏటీఎఫ్ అంటారు. డెక్స్రాన్ అనే తరగతి పేరు దాని మీద ఉంటుంది. కొన్ని జర్మను కార్లకు ఆకుపచ్చది. హోండావారు తమ నూనె తప్ప మరొకటి పోయవద్దంటారు. డబ్బా మూత మీద, లేదా కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏమి వ్రాసి ఉందో అదే శాసనం. రంగు చూచి కొనరాదు. అన్నింటికంటె ముఖ్యం, బ్రేకు ఆయిలు ఇందులో పోయరాదు, ఇది బ్రేకు డబ్బాలో పోయరాదు. రెండింటి రబ్బరు సీళ్లు వేరు జాతివి, ఒకదాని ద్రవం రెండవదాన్ని ఉబ్బించి చెడగొడుతుంది. స్టీరింగు చెడితే భుజం నొప్పితో పోతుంది, బ్రేకు చెడితే మనిషే పోతాడు. బానెట్టు క్రింద డబ్బాలు రెండూ చిన్నవే, చూపు మందగించినవాళ్లు మూత మీద అక్షరాలు కూడబలుక్కొని మరీ చదవాలి. ఇంకొక మాట, ఇటీవలి చిన్న కార్లు చాలావాటిలో స్టీరింగుకు విద్యుత్ మోటారు ఉంటుంది, నూనె ఉండనే ఉండదు. డబ్బా కనబడలేదని వెదకి వెదకి అలసిపోవద్దు.

మార్చడానికి రెండు దారులున్నాయి. సులువైనది సిరంజి దారి. డబ్బాలోని నూనెను పెద్ద సిరంజితో లాగి, క్రొత్తది పోసి, ఇంజను నడిపి, చక్రాన్ని రెండు కొసలకూ కొన్నిసార్లు తిప్పి, మళ్లీ లాగడం. డబ్బాలో పట్టేది మొత్తం నూనెలో మూడవ వంతు అనుకొందాం. మొదటిసారి తరువాత పాతది నూటికి అరవై ఏడు పాళ్లు మిగులుతుంది. రెండవసారికి నలభై నాలుగు, మూడవసారికి ముప్పై, నాలుగుకు ఇరవై, అయిదుకు పదమూడు, ఆరవసారికి తొమ్మిది. ఎన్నిసార్లు చేసినా సున్నా కాదు. నేను కాగితం మీద ఈ లెక్క వేసి చూపిస్తే మావాడు నవ్వి, "అందుకే గదా అయివోరా, ఐదారు తూర్లు తియ్యాల అంటాం" అన్నాడు. లెక్క రాకుండానే లెక్క వచ్చిన శాస్త్రమది. కారు కిందికి దూరలేని నా వంటివారికి ఇదే తగిన పద్ధతి, వారానికొకసారి చొప్పున చేసికొన్నా చాలు.

మా నూనె మరీ నల్లబడింది కనుక రెండవ దారి పట్టాం. ఇది ఇద్దరు లేనిదే కాదు. వెనుక చక్రాలకు ముందూ వెనుకా ఇటుకలు పెట్టి, చేతిబ్రేకు వేసి, ముందు భాగాన్ని జాకీతో ఎత్తి, ఇనుప స్టాండుల మీద నిలిపాడు. జాకీని నమ్మి కారు క్రింద తల పెట్టరాదని వాడు తన దగ్గర పని నేర్చుకొనే పిల్లలకు మొదట చెప్పే పాఠమట. చక్రాలు నేలకు ఆనకుండా ఉంటే ఇంజను లేకుండానే స్టీరింగు తేలికగా తిరుగుతుంది, అందుకు ఎత్తడం. డబ్బా నుంచి రెండు గొట్టాలు వెళతాయి. లావుపాటిది పంపుకు నూనె తీసికొనిపోయేది. సన్ననిది రాకు నుంచి నూనె తిరిగి వచ్చేది. ఈ తిరుగు గొట్టపు క్లిప్పు విప్పాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఏ క్లిప్పూ మాట వినదు. అది తుప్పుతో ముద్ద కట్టి, కటింగు ప్లయరు పట్టులోనే విరిగింది. క్రొత్త క్లిప్పులు రెండు ముందే జేబులో వేసికొని వచ్చాడు, అనుభవమంటే అదీ. డబ్బాకు ఉన్న తిరుగుమూతిని రబ్బరు బిరడాతో మూసి, గొట్టం కొసను రెండు లీటర్ల నీళ్లసీసాలో పెట్టాడు. ఇంజనుకు, బెల్టుకు చుక్క తగలకుండా బనీను గుడ్డలు కప్పాడు. నూనె అంటుకొనేదే కనుక ఇంజను చల్లారిన తరువాతే ఇదంతా.

నా పని లోపల కూర్చుని చక్రం తిప్పడం. తాళంచెవి ఒక మెట్టు త్రిప్పితే స్టీరింగు లాకు విడుతుంది, ఇంజను మాత్రం వేయరాదు. వేస్తే పంపు క్షణంలో ఉన్నదంతా వెళ్లగ్రక్కి ఎండిపోతుంది. ఎడమ కొసకు, కుడి కొసకు, మెల్లగా. తిప్పినప్పుడల్లా నల్లనూనె సీసాలోకి చీదినట్టు పడుతుంది. మావాడు గరాటుతో డబ్బాలో క్రొత్తది పోస్తూ, అడుగంటకుండా కనిపెట్టుకొని ఉన్నాడు.

మా ఆవిడ వసారాలో కుర్చీ వేసికొని ఇదంతా చూస్తూ ఉంది. డయాలిసిస్ మనుషులకు నీళ్లు కూడా కొలతే. రోజుకు ఇన్ని గ్లాసులని వైద్యులు గీత గీస్తారు, ఆ చిన్న గ్లాసు ఎప్పుడూ ఆమె ప్రక్కనే ఉంటుంది. అది చేత పట్టుకొని, "ఏమండీ, దీనిక్కూడా నాకు చేసినట్టే చేస్తున్నారా?" అంది. మావాడికి అర్థం కాలేదు. నాకు చెయ్యి ఆగిపోయింది. ఒక గొట్టంలో వెళ్లడం, ఒక గొట్టంలో రావడం, మలినం పోవడం, అంతా అదే. ఆసుపత్రి యంత్రంలో గాలిబుడగ కనబడితే గంట మ్రోగి గొట్టం బిగుసుకొంటుంది. రక్తంలోకి గాలి పోరాదు కాబట్టి ఆ ఏర్పాటు. ఆ గంట విన్నప్పుడల్లా నేను కుర్చీలోంచి లేచి నిలబడతాను. ఇక్కడ గంట లేదు, మావాడి కన్ను ఉంది.

"తిప్పండి అయివోరా, ఆపబాకండి" అన్నాడు.

ఎన్నిసార్లు తిప్పానో లెక్కపెట్టింది ఆమే. పదునాలుగవ తిప్పుకు సీసాలో పడే ధారలో ఎఱుపు కనబడింది. పదునెనిమిదికి శుద్ధమైన ఎఱుపు. లీటరున్నర పైన పట్టింది. బిరడా తీసి, గొట్టం తొడిగి, క్రొత్త క్లిప్పు బిగించాడు. తరువాతిది ఓపిక పని. ఇంజను వేయకుండానే మళ్లీ ఇరవైసార్లు అటూ ఇటూ. గొట్టాలలో చిక్కిన గాలి డబ్బాలోకి బుడగలుగా వచ్చి చిట్లుతుంది, మట్టం తగ్గుతుంది, మళ్లీ పోయాలి. బుడగలు ఆగిన పిమ్మట కారు దించి ఇంజను వేశాడు. కొంచెం నురుగు లేచింది. ఆపి అరగంట ఊరకుండమన్నాడు. ఈ అరగంట ఆగలేకనే చాలామంది, నూనె మార్చినా చప్పుడు పోలేదని పంపు మీద నెపం వేస్తారట. మేము ఆ అరగంటలో టిఫిను చేశాం. మళ్లీ వేస్తే నూనె అద్దంలా నిలిచింది. కారుడు ఉందేమోనని నేను ఒత్తిడి గొట్టం మీద చెయ్యి పెట్టబోతే మావాడు మణికట్టు పట్టుకొని ఆపాడు. ఇంజను నడుస్తుండగా సూదిమొన రంధ్రం నుంచి వచ్చే ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదట. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి, వ్రేలితో కాదు.

నల్లనూనె సీసాను ఏమి చేయడం? మా వీధి చివర పంటకాలువ ఉంది, మామూలుగా అందరూ చేసేది అందులో కుమ్మరించడం. వరిమళ్లకు పోయే నీరు అది. వాడిన నూనె ప్రమాదకర వ్యర్థమని 2016 నాటి కేంద్రప్రభుత్వ నియమాలలో స్పష్టంగా ఉంది. నియమం లేకపోయినా మొలగొలుకులు పండిన నేల మీద ఆ పని చేయబుద్ధి కాదు. మావాడి షెడ్డులో ఇంజను నూనె పోగుచేసే పీపా ఉంది, పాతనూనె కొనేవారు వచ్చి తీసికొనిపోతారు. సీసా అందులోకి వెళ్లింది.

ఏడుపు పోయింది. బిగువు మొత్తం పోలేదు. ముప్పాతిక వంతు తగ్గిందని నా భుజం చెబుతోంది. మంగళవారం తెల్లవారుజామున ఆసుపత్రి సందులో మూడు తిప్పుళ్లలో కారు వెనక్కి మళ్లింది. మా ఆవిడ ఏమీ అనలేదు, కాని ఎప్పుడూ అక్కడ పైపిడి పట్టుకొనే చెయ్యి ఆ రోజు ఒళ్లోనే ఉంది. రాకు ఎడమ కొసన రబ్బరు తొడుగు లోపల కొంచెం తడి ఉందని, సీలు అరగడం మొదలైందని మావాడు దాచకుండా చెప్పాడు. నూనె మార్చితే అరిగిన సీలు బాగుపడదు. సీలు పూర్తిగా వదిలేనాటికి రాకు విప్పక తప్పదు, ఆ ఖర్చు వేరు. ఎన్నాళ్లు ఆగుతుందంటే వాడూ చెప్పలేడు. మట్టం ఎంత వేగంగా దిగుతుందో చూచుకోమన్నాడు.

డబ్బా మీద మట్టం దగ్గర తెల్లరంగుతో సన్నని గీత పెట్టి, ఆమె బరువు, రక్తపోటు వ్రాసే పుస్తకంలోనే వెనుక పుట నుంచి ఆ లెక్క కూడా వ్రాస్తున్నాను. ప్రతి శుక్రవారం బయలుదేరే ముందు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూస్తాను. నాలుగు వారాలయింది. ఇప్పటికి వడ్లగింజంత దిగింది.